హీరోలు మాయమై... మళ్లీ వచ్చారు!

ఒకపక్క స్పైడర్‌మ్యాన్, హల్క్, కెప్టెన్ అమెరికా. మరోపక్క 'స్ట్రీట్ ఫైటర్' ఆటలోని ర్యూ, చున్‌లీ. వీళ్లంతా ఒకే బరిలో తలపడితే... పిల్లలకు పండగే కదా! ఆ పండగ పేరు 'మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2'.

మార్వెల్ అమెరికాలో కామిక్ పుస్తకాల సంస్థ. క్యాప్‌కామ్ జపాన్‌లో వీడియోగేముల సంస్థ. కామిక్స్ వీరులతో ఫైటింగ్ గేములు చేయడానికి రెండూ చేతులు కలిపాయి. 1994లో ఎక్స్‌మెన్ బృందంతో ఒక ఆట వచ్చింది. మరుసటేడాది వచ్చిన 'మార్వెల్ సూపర్ హీరోస్'లో ఆఖరి శత్రువు థానోస్. సినిమాల్లో అతణ్ని చూసిన ఈతరం పిల్లలకు, అమ్మానాన్నల కాలంలోనే అతనితో ఆటాడేశారంటే ఆశ్చర్యమే!

1996లో ఎక్స్‌మెన్‌ను స్ట్రీట్ ఫైటర్లతో పోటీకి దించారు. కిటుకంతా అక్కడే ఉంది. ఒక్కో ఆటగాడికి ఇద్దరు యోధులు. ఒకరు దెబ్బలు తిని అలసిపోతే రెండోవాళ్లు బరిలోకి దూకొచ్చు. పక్కకెళ్లినవాళ్లు ఈలోగా కొంత శక్తి కూడగట్టుకుంటారు. 2000లో వచ్చిన 'మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2'లో ఆ ఇద్దరూ ముగ్గురయ్యారు. మొత్తం 56 మంది యోధులు. ఎవరిని ఎంచుకోవాలి, ఎవరిని ఎప్పుడు సాయానికి పిలవాలన్నదే అసలు ఎత్తుగడ. అందుకే ఏళ్ల తరబడి అమెరికాలో దీనిమీద పోటీలు జరిగాయి.

2009లో ఈ ఆటను ఇంటర్నెట్‌లో కొనుక్కునే వీలు కల్పించారు. కానీ 2013 డిసెంబరులో అమ్మకాలు ఆగిపోయాయి. కారణం... ఆటలో లోపం కాదు, ఆదరణ తగ్గీ కాదు. మార్వెల్ పాత్రల్ని వాడుకునే ఒప్పందం ముగిసిపోవడం! దాంతో పాత డిస్కుల కోసం వెతుకులాట మొదలైంది. వాటి ధరలకు రెక్కలొచ్చాయి.

అభిమానులు మాత్రం ఊరుకోలేదు. ఆటను విడిపించమంటూ 2021లో సోషల్ మీడియాలో ప్రచారం మొదలుపెట్టారు. చివరికి 2024 సెప్టెంబరులో, ఆనాటి మరో ఆరు ఆటలతో కలిపి క్యాప్‌కామ్ దాన్ని మళ్లీ తీసుకొచ్చింది. దూరదూరాల్లో ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో తలపడే ఏర్పాటూ చేసింది. అప్పటి బొమ్మలూ, సంగీతమూ కూడా అందులో దాచిపెట్టింది.

కామిక్ పుస్తకం కొని బీరువాలో పెడితే మనవలదాకా ఉంటుంది. ఆటల సంగతి అలా కాదు. ఒక్క ఒప్పందం ముగిస్తే చాలు, దుకాణంలోంచి మాయం! థానోస్‌ను మట్టికరిపించిన వీరులు కూడా పదేళ్లకు పైగా ఓ కాగితం ముందు ఓడిపోయి ఉండాల్సివచ్చింది మరి!