తుప్పు పోవాలి... వయసు కాదు!

మహర్నవమి వస్తోందంటే చాలు, రుద్రవరం లాంటి పల్లెల్లో ఆయుధపూజ కోసం అటకల మీది సామానంతా కిందికి దిగుతుంది. కొడవళ్లు, గొడ్డళ్లు, గడ్డపారలు... వాటి అడుగున ఏ రేకు డబ్బాలోనో అప్పుడప్పుడూ ఓ చిన్న మడతకత్తి బయటపడుతుంది. తాతదో, ముత్తాతదో! తెరుద్దామంటే రాదు. అలుగు పిడిలోనే తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటుంది. పారేయడానికి మనసొప్పదు, పెట్టుకుంటే పనికిరాదు. పసుపూ కుంకుమా అద్ది మళ్లీ అదే డబ్బాలో పడేస్తారు.

రాయలసీమ కత్తి అనగానే సినిమావాళ్లకి వేటకొడవలే గుర్తొస్తుంది. పొలంలో మామిడికాయ కోసుకోవడానికీ పగ్గం కొస తెంపడానికీ పంచె మడతలో పెట్టుకునే చాకు సంగతి పాపం ఎవరికీ పట్టదు. అలాంటి చాకుల్ని శుభ్రం చేసి మెరుగుపెట్టడం చాలా దేశాల్లో ఓ చక్కని కాలక్షేపం. పెద్ద ఖర్చేమీ లేదు. కుట్టుమిషన్ నూనె, పాత పళ్లబ్రష్షు, మెత్తటి నూలుగుడ్డ, కాస్త ఓపిక... అంతే! చేతులు పనిలో పడితే చెవిలో ఫోను మోగినా వినిపించదు.

ముందు బిగుసుకున్న కీలు సంగతి చూడాలి. శ్రావణంతోనో సుత్తితోనో బలవంతం చేస్తే రివిట్టు ఊడుతుంది, లేదంటే అలుగు పుటుక్కున విరుగుతుంది. కీలు దగ్గర నాలుగు చుక్కల నూనె వేసి ఒక రాత్రి వదిలేయాలి. మర్నాడు కొద్దిగా కదిపి, మళ్లీ నూనె వెయ్యాలి. రెండు మూడు రోజులు పట్టినా తొందరేం లేదు. లోపలి నుంచి నల్లటి మడ్డి కారుతోందంటే పని జరుగుతున్నట్టే. అది పూర్తిగా ఆగేదాకా తుడవాలి. కొబ్బరినూనె, వేరుశనగ నూనె మాత్రం వద్దు. కొన్నాళ్లకి అవే జిగురులా మారి కీలుని మళ్లీ పట్టేస్తాయి.

తెరుచుకున్నాక అలుగు మీద రెండు రంగులు కనిపిస్తాయి. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. ఎర్రగా, పొడిపొడిగా రాలేది తుప్పు. అది తేమను పట్టి ఉంచుకుని ఉక్కుని లోపలికంటా తినేస్తుంది. దాన్ని వదిలించాల్సిందే. బూడిద రంగులోనో నీలి నలుపులోనో నున్నగా అంటుకుని ఉండే పొర వేరు. ఏళ్ల తరబడి నిమ్మకాయలూ మామిడికాయలూ ఉల్లిపాయలూ కోసినప్పుడు వాటి పులుపూ రసమూ తగిలి ఏర్పడిన పొర అది. ఎర్ర తుప్పుని అది కొంతవరకూ అడ్డుకుంటుంది కూడా. కొత్తదానిలా తళతళలాడాలని గరుకు కాగితంతో దాన్ని గీకేశారంటే తాతగారి చేతివాటమంతా తుడిచిపెట్టుకుపోయినట్టే! దాంతోపాటే అలుగు మొదట్లో ఉండే తయారీదారు ముద్రా అరిగిపోతుంది. ఒకప్పుడు ఇంగ్లండు నుంచి వచ్చిన జోసెఫ్ రాడ్జర్స్ చాకుల మీద నక్షత్రం, దాని పక్కనే మాల్టా శిలువ ఉండేవి. ఆ ముద్ర పోతే చాకు ఎక్కడిదో చెప్పే ఆధారం పోయినట్టే.

అందుకే ఎర్ర మచ్చ మీద మాత్రమే నూనె వేసి, రాగి నాణెం అంచుతో నెమ్మదిగా గీరాలి. ఉక్కు కన్నా రాగి మెత్తన కాబట్టి గీతలు పడవు. అవ్వల కాలం నాటి ఇటుకపొడి, చింతపండు పద్ధతి ఇత్తడి చెంబులకి భేషైనదే. పిడి కొసన ఉండే ఇత్తడి పొన్నుకీ పనికొస్తుంది. కానీ ఆ పులుపు ఉక్కు మీద నిలిచిందో, మర్నాటికల్లా కొత్త మచ్చలు! ఇక కరెంటు సానమిషను జోలికి అసలు పోవద్దు. రాపిడి వేడికి అలుగు అంచు నీలం రంగు తిరిగిందంటే ఉక్కు దాదాపు 300 డిగ్రీలు దాటినట్టు. ఆ చోట గట్టిదనం తగ్గిపోతుంది, పదును నిలవదు. తడిపిన సానరాయి మీద చేత్తో పట్టడమే మేలు.

పాత చాకులకి ఇంత సేవ ఎందుకంటారా? తుప్పుపట్టని స్టెయిన్‌లెస్ ఉక్కుని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తయారుచేసింది 1913లో. అంతకుముందు చాకులన్నీ మామూలు కార్బన్ ఉక్కువే. తుడిచి పెట్టుకోకపోతే తుప్పు ఖాయం. అన్నట్టు, మడతకత్తి మనకు దొరలు నేర్పిన విద్యేమీ కాదు. తాటాకుల మీద రాసే రోజుల్లో ఓ కొసన ఘంటం, మరో కొసన ఆకు కత్తిరించే చిన్న కత్తి ఉండి, రెండూ పిడిలోకి మడుచుకునే పనిముట్లు దక్షిణాదిలో వాడుకలో ఉండేవి.

పిడి విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. కొమ్ము పిడిని నీళ్లలో నానబెడితే ఉబ్బి పగులుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. పురుగు తిన్న చిల్లులేమైనా ఉన్నాయేమో చూసుకోవాలి. పశువు కొమ్మైతే పర్లేదు. జింకదో కణుజుదో అయితే మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డొస్తుంది. అలాంటివాటితో కొనుగోళ్లూ అమ్మకాలూ పెట్టుకోవద్దు. రుద్రవరం పక్కనే నల్లమల. ఇక్కడివాళ్లకి ఈ సంగతి మరీ ముఖ్యం.

పనంతా అయ్యాక అలుగుకి పల్చగా నూనె రాసి, పొడి గుడ్డలో చుట్టి, పిల్లల చేతికందని చోట పెట్టాలి. తోలు సంచి అందంగానే ఉంటుంది కానీ తేమ పీల్చుకుంటుంది. అందులోనే ఉంచేస్తే ఒక్క వానాకాలానికి మళ్లీ ఎర్ర మచ్చలు మొదలవుతాయి.