యంత్రహస్తమునకు పెక్కు కన్నులు

ఉక్కు కర్మాగారమునందు కరగిన లోహముతో నిండిన లేడిలు అను పెద్ద పాత్రను క్రేనుతో ఎత్తువేళ, పైగదిలో కూర్చున్న డ్రైవరునకు కొక్కెము పైభాగమే గాని, అది లేడిలు ప్రక్కనున్న ఇరుసును సరిగా పట్టినదో లేదో కానరాదు గనుక, క్రింద నిలిచిన సిగ్నలుమన్ ప్రక్కనుండి చూచి, చేసైగలతో ‘ఇంకొంచెము దించుము’ అనియో ‘ఆపుము’ అనియో తెలుపును. ఆ ఇరువురి చూపులును ఏకమైన పిమ్మటనే బరువు కదలును. 1912లో తొలి ఉక్కును పోసిన జంషెడ్‌పూరున, తెలుగునాటనుండి వచ్చి స్థిరపడిన శ్రామిక కుటుంబములకు ఇది చిరపరిచితమైన వ్యవహారమే. ఈ విద్యను యంత్రమునకు నేర్పుటకు మాత్రము శాస్త్రజ్ఞులు దశాబ్దములు శ్రమింపవలసివచ్చెను.

1961లో అమెరికాలోని న్యూజెర్సీయందు జనరల్ మోటార్స్ కర్మాగారమున పనికి కుదిరిన ‘యూనిమేట్’ అను తొలి పారిశ్రామిక రోబో పూర్తిగా గ్రుడ్డిది. అచ్చునుండి వెలువడిన వేడి లోహభాగములను తీసి ఇవతల పెట్టుట దాని పని. చేయి ఎప్పుడెచట ఉండవలెనో అయస్కాంతపు డ్రమ్ముపై ముందే వ్రాసియుంచిన వరుస ననుసరించి కదలునదే గాని, భాగము జానెడు ప్రక్కకు జరిగినచో వట్టి గాలిని పట్టుకొనును. యంత్రమునకు చూపు నొసగవలెనన్న ప్రయత్నము స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున సాగినది. 1968లో జాన్ మెకార్తీ తన సహచరులతో కూడి, చేతులు, కన్నులు, చెవులు గల కంప్యూటరును గూర్చి ఒక పత్రమును ప్రకటించెను. ఆ సహచరులలో నొకరు, మాటను గుర్తించు విద్యలో కృషిసల్పుచుండిన దబ్బాల రాజగోపాల రెడ్డిగారు, చిత్తూరు మండలమందలి కాటూరున 1937లో జన్మించినవారు.

లోకము రాజ్ రెడ్డిగా ఎరిగిన ఆయనయే 1979లో పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌నకు తొలి డైరెక్టరైరి. జంషెడ్‌పూరు తొలి నగరప్రణాళికను రచించిన జూలియన్ కెనెడీ, సాలిన్ సంస్థయు ఆ పిట్స్‌బర్గుదే. ఈ రెండు ఉక్కునగరముల బాంధవ్యము తలచినపుడెల్ల నాకు సంతోషము కలుగును. రెడ్డిగారి సంస్థకు 1980లో హాన్స్ మొరావెక్, జపానునుండి టకేయో కనాడే వచ్చి చేరిరి.

మొరావెక్ అంతకు పూర్వము స్టాన్‌ఫర్డున నడపిన బండి చరిత్ర మిక్కిలి రమ్యమైనది. దానికి కెమెరా ఒక్కటే. అయినను ఆయన దానిని అడ్డపట్టాపై జరుపుచు, నిలిచిన ప్రతిచోటను తొమ్మిది చిత్రములు తీయించెను. తొమ్మిదింటిని రెండేసి చొప్పున జతపరచిన 36 జంటలగును. ఒక్కొక్క జంటయు ఎదుటి వస్తువు ఎంత దూరమున నున్నదో తన లెక్క తాను చెప్పగా, వాని నన్నింటిని కూడి, ఎక్కువ జంటలు ఏకీభవించిన దూరమునే బండి నమ్మెడిది. మీటరు దూరము సాగుటకు పది పదునైదు నిమిషములు లెక్కించెడి ఆ బండి, 1979లో కుర్చీలతో నిండిన గదిని సుమారు ఐదు గంటలలో దాటెను. ఆరుబయట నడపినపుడు, అది యోచించునంతలో సూర్యుడు జరిగి నీడలు కదలుటచే తికమకపడినది.

రెండు కన్నులు చాలవా యని పాఠకులు అడుగవచ్చును. రెండు కెమెరాలును దగ్గరగా నుంచినచో రెండు చిత్రములును ఇంచుమించు ఒకటే కనుక, ఇందలి బిందువు అందేదియో పోల్చుకొనుట సులభము. దూరపు లెక్క మాత్రము మొరటుగా వచ్చును. పైగా వస్తువు రెట్టింపు దూరమున నున్నచో పొరపాటు నాలుగు రెట్లగును. కెమెరాలను ఎడముగా నుంచినచో లెక్క సూక్ష్మమగును గాని పోలిక తప్పును. జంషెడ్‌పూరున తయారగు లారీ ఛాసిస్ దూలముపై ఒకే రూపున వరుసగా నున్న బోల్టులను తలచుకొనుడు: ఎడమ కెమెరా చూచిన మూడవ బోల్టును కుడి కెమెరా నాలుగవదానితో జతపరచినచో, అడ్డుచెప్పున దేదియు లేదు. 1993లో మసతోషి ఒకుతోమి, కనాడే ప్రకటించిన ఉపాయము దీనికి ప్రత్యుత్తరము. పలు కెమెరాలను పలు ఎడములతో నిలిపి, ప్రతి జంటలోని పొంతనలను దూరమను ఒకే కొలబద్దపై కూడినచో, అసత్యపు పొంతనలు జంటజంటకు వేరుచోట్ల పడి చెదరిపోవును. నిజమైన దూరమొక్కటే అన్ని జంటలలోను ఒకేచోట నిలిచి స్ఫుటమగును. తరువాత కనాడే బృందము 5 మీటర్ల గుమ్మటమునకు 51 కెమెరాలు బిగించి, లోపలి మనుష్యుల కదలికలనే త్రిపరిమాణ రూపమున పునర్నిర్మించినది.

అయితే కన్నుల సంఖ్యకంటె, ఏ కన్ను ఎచట నిలిచి ఎటు చూచుచున్నదో యంత్రమునకు తెలియుటయే ప్రధానమని నా దృఢవిశ్వాసము. రెండు మీటర్ల దూరమునుండి చూచు కెమెరా, డిగ్రీలో పదవవంతు తిరిగినచో, వస్తువు స్థానము మూడున్నర మిల్లీమీటర్లు తప్పును; బోల్టు రంధ్రములోనికి పోకుండుటకు అది చాలును. అందుచే నలుపు తెలుపు గళ్ల పలకను కెమెరాల యెదుట పలు వాలులలో చూపి, వాని స్థానములను గణించెదరు. 1987లో రోజర్ సాయ్, 2000లో జెంగ్‌యూ జాంగ్ ప్రకటించిన పద్ధతులు ఈ పనికి ఆధారములైనవి. మణికట్టున కెమెరా బిగించిన చేతికి, ఆ కన్నునకును వ్రేళ్లకును నడుమ గల సంబంధమును గూడ విడిగా కొలువవలెను.

మణికట్టు కెమెరా లేనిచో, వస్తువును పట్టబోవు క్షణముననే రోబో తన చేతితో తన చూపును తానే కప్పివేయును. 2023లో స్టాన్‌ఫర్డు పరిశోధకులు రచించిన ‘అలోహా’ అను రెండుచేతుల యంత్రమునకు నాలుగు కెమెరాలు కలవు: మణికట్టున కొక్కటి, ముందొకటి, పైనొకటి. ఇది దూరములను విడిగా గణింపక, మనుష్యుడు చేసిచూపిన పనులనుండి చిత్రములకును కదలికకును గల సంబంధమును నేర్చుకొనును. అయినను నేర్చిన పిమ్మట కెమెరాను ప్రక్కకు జరిపినచో, ఇట్టి యంత్రముల నేర్పు సన్నగిల్లును.

ఉక్కుపనిలో మరియొక చిక్కు కలదు. మెరుగుపెట్టిన రేకుపై తళుకు ఉపరితలమునకు అంటియుండదు. చూచువాడు కదలిన అదియు కదలును. ఒక కెమెరాకు అంచువద్ద కనబడిన మెరుపు మరియొకదానికి నడుమ కనబడగా, రెండును ఒకే బిందువని నమ్మిన యంత్రము రేకునకు లేని గుంటను కల్పించుకొనును. కొలిమి వేడిమికి గాలి అలలాడి కిరణములు వంగును. క్రేను నడచిన అదురుకు కెమెరా పట్టు సడలును. కావున కన్నులు పరస్పరము విభేదించినపుడు, వాని లెక్కలకు సగటు తీసి ముందుకు సాగుటకంటె, చేతిని ఆపి గళ్ల పలకను మరల చూపించుటే యుక్తము. ఆరు కెమెరాలలో ఐదు ఒక్కమాటగా చెప్పినను, ఆరవది భిన్నముగా చెప్పినచో, అది కదలినదా, లేక తక్కిన ఐదింటికి కానరానిదేదైన దానికి కనబడినదా యని విచారించునట్లు యంత్రమును రచింపవలెను.