ఒంటి ఫిరంగి ఓడ

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేసిన సంగతి మన పెద్దవాళ్లు కథలు కథలుగా చెప్పేవారు. అదే ఏడు నవంబరులో జపాను వారిని నడిసముద్రంలో ఎదిరించిన మన చిన్న ఓడ సంగతి మాత్రం నాకు చాలాకాలం తెలియదు.

దాని పేరు 'బెంగాల్'. సిడ్నీలో కట్టారు. 1942 ఆగస్టులో రాయల్ ఇండియన్ నేవీలో చేరింది. సముద్రంలో మైన్లు ఏరివేయడం, సరుకు ఓడలకు కాపలా కాయడం దాని పని. నావికుల్లో ఎక్కువమంది భారతీయులే. నాలుగంగుళాల ఫిరంగి ఉండవలసిన చోట అంతకంటే చిన్నది ఒక్కటి బిగించి పంపారు.

నవంబరు 11న 'ఒండీనా' అనే డచ్చి చమురు ఓడకు తోడుగా పోతోంది బెంగాల్. కోకస్ దీవులకు నైరుతి దిక్కున రెండు జపాను ఓడలు ఎదురయ్యాయి: హొకోకు మారు, ఐకోకు మారు. ఒక్కొక్కటి పదివేల టన్నుల పైమాటే. వాటి మీద అయిదున్నర అంగుళాల ఫిరంగులు!

బెంగాల్ నాయకుడు లెఫ్టినెంట్ కమాండర్ విల్సన్ ఒండీనాను తప్పించుకుపొమ్మని చెప్పి, తన ఓడను తిన్నగా శత్రువు మీదికి నడిపించాడు. ఒండీనా కూడా తన ఒక్క ఫిరంగితో పేల్చింది. కాసేపటికి హొకోకు మారులో మంటలు లేచాయి. అది పేలి మునిగిపోయింది. గుండ్లు అయిపోవస్తుంటే బెంగాల్ పొగతెర వేసి తప్పుకుంది. ఒండీనా పని అయిపోయిందనే అనుకున్నారు అందులోని వాళ్లు.

కాని ఒండీనా మునగలేదు. కెప్టెను చనిపోయాడు. మిగతావాళ్లు పడవల్లోకి దిగితే, ఐకోకు మారు ఓడకు టార్పిడోలు తగిలించి, పడవల మీద కూడా కాల్పులు జరిపి వెళ్లిపోయింది. బతికినవాళ్లు మళ్లీ ఓడ ఎక్కి, మంటలార్పి, ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ రేవుకు చేర్చారు. బెంగాల్ కూడా క్షేమంగా రేవు చేరింది. అందులో ఒక్క ప్రాణమూ పోలేదు.

హొకోకు మారును ముంచిన గుండు ఎవరిదన్న వాదం తరవాత చాలాకాలం నడిచింది. డచ్చివారు తమదన్నారు, మనవారు మనదన్నారు. నాకు ఆ తగువు అంత ముఖ్యమనిపించదు. బెంగాల్ ఎదురు వెళ్లకపోతే రెండు జపాను ఓడలూ మొదటి నుంచీ ఒండీనా మీదనే గురి పెట్టేవి కదా!

స్వాతంత్ర్యం వచ్చాక కూడా బెంగాల్ మన నౌకాదళంలో పనిచేసింది. 1960లో దాన్ని కొలువు నుంచి తప్పించి, తుక్కు కింద విరగ్గొట్టారు. ఇనుము మిగలకపోయినా పేరయినా మన పిల్లలకు మిగలాలని నా కోరిక.