మలేరి మట్టిలో ముక్కోణపు తల

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల హాస్టళ్ళలో చదివిన మనకు గుట్టలంటే గ్రానైటు గుండ్లే. కరిగిన శిల చల్లారి గట్టిపడిన రాయి కనుక అందులో ఎముకలు దొరకవు. అయితే రాయపట్నం వంతెన మీదుగా గోదావరి దాటి మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు పోతే నేల మారిపోతుంది. అక్కడి ఎర్రమట్టి పొరలను మలేరి అనే ఊరి పేరుతో పిలుస్తారు. 22 కోట్ల ఏళ్ళ కిందట నదులు తెచ్చిపోసిన బురద అది.

ఆ నీళ్ళలో బతికిన ఒక నాలుగుకాళ్ళ జీవి పేరు కుట్టీసెఫాలస్ ట్రయాంగ్యులారిస్. భయపడకండి, మొదట మేమూ భయపడ్డాం! గోదావరి లోయలో శిలాజాలు వెతికిన టి.ఎస్. కుట్టి గారి పేరు, 'తల' అనే గ్రీకు మాట, ముక్కోణం... ఇంతే సంగతి. 1995లో ఈ పేరు పెట్టింది ధూర్జటి సేన్‌గుప్తా గారు. ఇద్దరూ కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారే. లెక్కల సంస్థకు ఎముకలతో పనేమిటి అనకండి, అక్కడ భూగర్భశాస్త్ర విభాగమూ ఉంది, మ్యూజియమూ ఉంది.

దొరికినవి చాలా తక్కువ, అవీ ముఖ్యంగా తల భాగాలే. అంత తక్కువతో జంతువును ఎలా గుర్తుపడతారు? సిరిసిల్లలో మగ్గం తెలిసినవాళ్ళ చేతికి జానెడు గుడ్డపేలిక ఇచ్చి చూడండి, నూలేమిటో నేతేమిటో చెప్పేస్తారు. ఇదీ అంతే. చదునైన పుర్రె, దాని మీద గుంటలు, గట్లు చూస్తే కప్పలకు దూరపు చుట్టాలైన పాతకాలపు ఉభయచరాల గుంపు అని తెలుస్తుంది. పుర్రె వెనుక మూలల్లో కొమ్ముల్లా పొడుచుకొచ్చిన ఎముకలు చూస్తే అందులో చిగుటిసారిడ్ కుటుంబమని తేలుతుంది.

ఈ కుటుంబం వాళ్ళు ఇంకెక్కడ దొరికారో తెలుసా? ఆస్ట్రేలియాలో, అర్జెంటీనాలో! మంచినీటి జీవులు సముద్రం ఈది పోలేదు. అప్పుడు ఈ నేలలన్నీ గోండ్వానాగా ఒక్కటై ఉండేవి.

ఇంకో విశేషం. మలేరి కింది పొరల్లో మెటోపోసారిడ్ అనే వేరే కుటుంబం ఎముకలుంటాయి. పై పొరల్లో అవి మాయమై చిగుటిసారిడ్‌లు కనబడతాయి. ఒకరు పోయి ఒకరు వచ్చారన్న ఈ కథంతా ఏ ఎముక ఏ పొరలో దొరికిందన్న దాని మీదే ఆధారపడి ఉంది.

పీజీకి వచ్చేదాకా ఈ పేరు మేము వినలేదు. ఇంట్లో మొదటి డిగ్రీ మాదే, చెప్పేవాళ్ళెవరు? అందుకే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఇక్కడ రాస్తున్నాం. ఆ వైపు చుట్టాలింటికి పోయినప్పుడు వానకు కోసుకుపోయిన ఎర్రమట్టిలో ఎముకలాంటి రాయి కనిపిస్తే పగలగొట్టకండి, జేబులో వేసుకోకండి. ఉన్నచోటనే ఫోటో తీసి, ఊరు, వాగు పేరు రాసుకొని, మీ సైన్సు సారుకు చూపించండి.