నురగ తగ్గాకే కొలత!

బెంగళూరు: పాడైన కాయిల్ చేతబట్టుకుని ఎస్పీ రోడ్డుకు వెళ్తే అచ్చం అలాంటిదే దొరకాలని లేదు. దగ్గర విలువది వేసి పని కానిచ్చేయడం మెకానిక్‌లకు అలవాటే. చాలా బోర్డుల్లో అది చెల్లుతుంది కూడా. 'ఎమ్యులేటెడ్ కరెంట్ మోడ్' చిప్ ఉన్న బోర్డులో మాత్రం చెల్లదు.

48 వోల్టులను 3.3కు దించే బోర్డునే తీసుకోండి. స్విచ్ సెకనుకు 3 లక్షల సార్లు పడి లేస్తుందనుకుంటే, ప్రతి విడతలో ఆన్‌లో ఉండేది 7 శాతం లోపే.. అంటే సుమారు 0.23 మైక్రోసెకను. ఆ కాసింతలోనే కాయిల్‌లో కరెంటు ఎంత పెరిగిందో చూసి స్విచ్ ఆపాలి. చిక్కంతా ఇక్కడే. స్విచ్ పడగానే డయోడు వల్ల ఓ పెద్ద స్పైక్ లేస్తుంది. పాలు పోస్తుంటే పొంగే నురగలాంటిదన్నమాట. దాన్నే అసలు కరెంటు అనుకుంటే స్విచ్ ముందే ఆగిపోతుంది. అందుకే పాత పద్ధతి చిప్‌లు కాసేపు కళ్లు మూసుకుంటాయి. ఇంత తక్కువ సమయంలో ఆ తీరికెక్కడిది?

అడుగున కొలిచి.. పైన పేర్చి

నేషనల్ సెమీకండక్టర్ తెచ్చిన దారి వేరు. (బెంగళూరులో 1985లోనే అడుగుపెట్టిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2011లో ఆ కంపెనీని కొనేసింది.) స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కాయిల్ కరెంటు డయోడు గుండా నిమ్మళంగా పారుతుంది. మళ్లీ స్విచ్ పడేందుకు క్షణం ముందు చిప్ దాన్ని కొలిచి గుర్తుపెట్టుకుంటుంది. నురగ లేని కొలత! ఆపై పెరుగుదలను కొలవదు.. లెక్కగడుతుంది. ఇన్‌పుట్, అవుట్‌పుట్ వోల్టేజీల తేడా చిప్‌కు తెలుసు. ఆ తేడాకు తగ్గట్టు ఓ చిన్న కెపాసిటర్‌ను చార్జి చేస్తూ పోతుంది. కాయిల్ ఎంతదో మాత్రం దానికి తెలియదు. ఆ సంగతి చెప్పేది కెపాసిటరే.

75 వోల్టుల దాకా తట్టుకునే ఎల్‌ఎం5576 చిప్‌లో 33 మైక్రోహెన్రీల కాయిల్‌కు 330 పికోఫారడ్ల కెపాసిటర్ జోడీ. 10 మైక్రోహెన్రీల కాయిల్ వేస్తే 100 కావాలి. కాయిల్ మార్చి దీన్ని వదిలేస్తే చిప్ లెక్క ఒకటి, కరెంటు నడక మరొకటి. 12 వోల్టులిచ్చే బోర్డుకు ఇన్‌పుట్ 24 కంటే తగ్గిందనుకోండి. స్విచ్ సగానికి మించి ఆన్‌లో ఉండాలి. అప్పుడు ఒక విడత పొడుగ్గా, మరో విడత పొట్టిగా కొట్టుకునే ప్రమాదముంది.

మరి నిజంగానే కరెంటు ఎగబాకితే? లెక్కకు అది కనబడదు. కానీ అడుగు కొలత ఉందిగా.. అది హద్దు దాటితే, దిగొచ్చేదాకా చిప్ స్విచ్‌ను పడనివ్వదు.

డేటాషీట్‌లో 'ర్యాంప్' అని రాసిన కాలికీ గ్రౌండ్‌కూ మధ్య ఉండేదే ఆ కెపాసిటర్.