రాడార్‌కు అందని ఎత్తు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో నందిగామ, జగ్గయ్యపేట మెట్ట పొలాల్లో రాత్రిళ్లు కూడా మనుషులుంటారు. కోసిన మిర్చిని కల్లాల్లో ఆరబోసి, దొంగలకూ అకాల వానకూ భయపడి అక్కడే మంచాలు వేసుకుని పడుకుంటారు. పగలు చెవికి ఆనని హైవే లారీల మోత అర్ధరాత్రి దాటాక పక్క చేలోనే ఉన్నట్టు వినిపిస్తుంది. చుట్టుపక్కల సద్దుమణగడం ఒక్కటే అందుకు కారణం కాదు. పగలు నేలను ఆనుకున్న గాలి వేడిగా, పైగాలి చల్లగా ఉంటుంది. అప్పుడు శబ్దం పైకి వంగిపోతుంది. రాత్రి నేల చల్లారాక ఈ వరస తిరగబడుతుంది. వెచ్చని గాలిలో శబ్దం వేగం ఎక్కువ కాబట్టి, పైకి పోవాల్సిన మోత వంగి మళ్లీ నేలకే దిగుతుంది.

చిన్న విమానం మోతకూ ఇదే వర్తిస్తుంది. రెండు రెక్కల ప్రొపెల్లర్ నిమిషానికి 2,400 చుట్లు తిరిగితే సెకనుకు 80 సార్లు గాలిని కొడుతుంది. అంత మంద్రమైన శబ్దాన్ని గాలి పెద్దగా పీల్చుకోదు కనుక అది చాలా దూరం పోతుంది. అంటే దొంగచాటుగా కిందుగా ఎగిరే విమానాన్ని పసిగట్టడానికి కల్లం కాపలాదారు చెవి చెడ్డ పరికరమేమీ కాదు.

అదే పని రాడార్ ఎందుకు చేయలేదు? భూమి గుండ్రంగా ఉండటమే కారణం. రాడార్ తరంగాలు భూమి వంపు వెంట కొద్దిగా మాత్రమే వంగుతాయి. మీటర్లలో ఎత్తు ఎంతో దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చిస్తే, ఆ ఎత్తుకు అందే దూరం కిలోమీటర్లలో వస్తుంది. రాడార్‌కూ విమానానికీ విడివిడిగా లెక్కకట్టి కలపాలి. జగ్గయ్యపేటలో 25 మీటర్ల స్తంభం మీద రాడార్ ఉందనుకుందాం. 3,000 మీటర్ల ఎత్తున వచ్చే విమానం దానికి సుమారు 246 కిలోమీటర్ల దూరంలోనే కనిపించవచ్చు. హైదరాబాద్ ఆ పరిధిలోకి సులువుగా వస్తుంది. అదే విమానం 100 మీటర్లకు దిగితే 62 కిలోమీటర్లకు మించి కనపడదు. విజయవాడ కూడా అందదన్నమాట. మధ్యలో కొండపల్లి కొండలు అడ్డొస్తే ఆ కాస్తా ఉండదు. అందుకే అమెరికా తన దక్షిణ సరిహద్దులో మాదకద్రవ్యాల విమానాలను పట్టడానికి రాడార్లను తాళ్లతో కట్టిన బెలూన్ల మీద ఎక్కించింది.

ఇంకో చిక్కుంది. నేల మీది వాహనాలు, పక్షులు తెర నిండా కనపడకుండా చాలా రాడార్లు నెమ్మదిగా కదిలేవాటిని వడకట్టేస్తాయి. తేలికపాటి మైక్రోలైట్ వేగం మన 65వ నంబరు జాతీయ రహదారి మీద కారు వేగానికి దగ్గర్లోనే ఉంటుంది. కారుతోపాటు అదీ కొట్టుకుపోవచ్చు.

అయితే రాడార్ ఒక్కటే సరిపోదని మన దేశంలో అందరికీ తెలిసొచ్చింది 1995 డిసెంబరు 17 రాత్రి. ఆంటొనోవ్-26 అనే సరుకు విమానం వారణాసిలో ఇంధనం నింపుకొని, పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా మీదుగా పోతూ పారాచూట్లతో ఏకే-47 తుపాకులు, లక్షల తూటాలు కిందికి వదిలింది. తర్వాత ఏమీ ఎరగనట్టు కోల్‌కతాలో దిగి, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ వెళ్లిపోయింది. తెల్లవారి పొలాల్లో పడున్న తుపాకులను మొదట చూసింది పల్లె జనమే. నాలుగు రోజుల తర్వాత అదే విమానం చెన్నై మీదుగా తిరిగిపోతుంటే వాయుసేన ముంబయిలో దింపించింది. ఆ విమానం చిన్నదేమీ కాదు, రాడార్‌కు కనపడనిదీ కాదు. అనుమతి తీసుకునే వచ్చింది. కాబట్టి తప్పు ఒక్క యంత్రానిదే కాదు, అనుమతితో వచ్చినదాన్ని అనుమానించని మనుషులది కూడా.

ఇప్పుడు దొంగచాటుగా సరుకు దించే పని డ్రోన్లు చేస్తున్నాయి. అవి చిన్నవి కావడంతో రాడార్‌కు ఇంకా కష్టం. వస్తువు నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని వంద రెట్లు తగ్గితే రాడార్ దాన్ని పట్టే దూరం సుమారు మూడో వంతుకు పడిపోతుంది. పాకిస్తాన్ వైపు నుంచి హెరాయిన్ మోసుకొచ్చిన డ్రోన్లు పంజాబ్ పొలాల్లో తరచూ దొరుకుతున్నాయి.

మన దగ్గర ఆ బెడద ఉందని బెంబేలెత్తాల్సిన పని లేదు. మన్యం గంజాయి పోయేది ఎక్కువగా రోడ్డు దారినే. రాష్ట్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టులో వెతికేవాటిలో అలాంటి సరుకూ ఒకటి. పైగా మన చేల మీద ఎగిరే డ్రోన్లలో ఎక్కువ భాగం మందు కొట్టేవి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు మేడల మీది జనానికి అన్నం పొట్లాలు అందించినవీ డ్రోన్లే. కనపడిన ప్రతిదాన్నీ అనుమానిస్తే ఏమవుతుందో ఆ ఏడాది చివర్లో అమెరికాలోని న్యూజెర్సీ చూపింది. ఎఫ్‌బీఐకి డ్రోన్ల మీద 5,000కు పైగా ఫిర్యాదులు వస్తే, ఇంకా ఆరా తీయాల్సినవి వందలోపే తేలాయి. మిగతావాటిలో మామూలు విమానాలున్నాయి, నక్షత్రాలు కూడా ఉన్నాయి.

అందుకే ముందు మామూలు ఏదో తెలిసుండాలి. మందు కొట్టే డ్రోన్ పగలు, పైరుకు రెండు మూడు మీటర్ల ఎత్తులో వరసలు కట్టి తిరుగుతుంది. నడిపేవాడు గట్టు మీద కనపడతాడు. ఆంక్షలు లేని చోట్ల మామూలు డ్రోన్లకు 120 మీటర్ల దాకా అనుమతి ఉంది. రాత్రిపూట లైట్లు లేకుండా వచ్చి, ఒకచోట ఆగి, కిందికి దిగి, వెంటనే పైకి లేచి వచ్చిన దారినే పోయేది మామూలు డ్రోన్ కాదు. బరువు దించుకున్నాక మోటార్ల రొద తగ్గుతుంది కూడా. టైము, వచ్చిన దిక్కు, పోయిన దిక్కు, ఎంతసేపు ఆగింది, కింద ఎవరైనా బండితో ఎదురుచూస్తున్నారా అన్నవి గుర్తుపెట్టుకుని 112కు చెప్పాలి. గంజాయి అనుమానమైతే రాష్ట్ర మాదకద్రవ్యాల నిరోధక విభాగం ‘ఈగల్’ నంబరు 1972. కింద పడిన డ్రోన్‌ను ఇంటికి తేవడం, విప్పి చూడటం మాత్రం వద్దు. దెబ్బతిన్న లిథియం బ్యాటరీ అంటుకుంటుంది. అంతకన్నా ముఖ్యంగా, అది ఏ చోట లేచిందో, ఎంతెత్తున ఏ దారిన వచ్చిందో చాలా డ్రోన్ల మెమరీలో నమోదై ఉంటుంది. దర్యాప్తువాళ్లు మొదట వెతికేది దాన్నే.