మసకబారి మళ్ళీ తేటపడే కన్ను

ఉత్తర అమెరికా గడ్డిమైదానాల్లో పదమూడు చారల నేల ఉడుత ఉంటుంది. మన పెరటి చెట్ల మీద పరుగులు తీసే ఉడుతల కుటుంబమే గాని, దీని కాపురం బొరియల్లో. చలి ముదిరేసరికి లోపలికి వెళ్ళి ముడుచుకుంటే మళ్ళీ వసంతానికే బయటికి రావడం. ఆ నిద్రలో ఒంటి వేడి 37 డిగ్రీల సెల్సియస్ నుంచి 4, 5 డిగ్రీలకు దిగిపోతుంది. నిమిషానికి వందల సార్లు కొట్టుకునే గుండె నాలుగైదు సార్లు కొట్టుకుంటే ఎక్కువ. అయితే చలికాలమంతా అలాగే ఉండిపోదు. ఒకటి రెండు వారాలకోసారి ఒళ్ళంతా వెచ్చబరచుకుని, ఒక పూట మేలుకుని, తిరిగి చల్లబడుతుంది. దానితోపాటు దాని కన్నూ ఒక్క సీజన్‌లోనే ఎన్నోసార్లు చల్లబడి వెచ్చబడాలి.

కంటిలో చలికి తేలిగ్గా లొంగేది కటకం. దాని నిండా క్రిస్టలిన్లనే ప్రోటీన్లు ఒత్తుగా, సమంగా సర్దుకుని ఉంటాయి. కటకంలోంచి వెలుతురు చెదరకుండా వెళ్ళేది ఆ అమరిక వల్లే. దూడ కటకాన్నో, ఎలుక పిల్ల కటకాన్నో బాగా చల్లబరిస్తే ఆ ప్రోటీన్లలో కొన్ని విడివడి గుంపుకడతాయి. వెలుతురు చెదిరిపోతుంది. చలికాలం పొద్దున గిన్నెలో నెయ్యి పేరుకున్నట్టు కటకం తెల్లబడుతుంది. దీన్ని చలి శుక్లం అంటారు.

మరి నేల ఉడుత సంగతేమిటి? చలికి చెక్కుచెదరని కటకం దానికి ఉండి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. అలాంటి కళ్ళు లేకపోలేదు. మైనస్ 2 డిగ్రీలకు దగ్గరగా ఉండే అంటార్కిటికా నీళ్ళలో బతికే టూత్‌ఫిష్ కటకం మైనస్ 12 డిగ్రీల దాకా చల్లబరిచినా మసకబారదు. ఉడుతది ఆ దారి కాదు. 4 డిగ్రీల దగ్గర దాని కటకమూ తెల్లబడుతుంది. తిరిగి వెచ్చబడితే తేటపడుతుంది. అమెరికా జాతీయ నేత్ర సంస్థకు చెందిన వెయ్ లీ, చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి 2024లో ఈ సంగతి ప్రచురించారు. ఎలుక కటకాలనూ అలాగే చల్లబరిచి వెచ్చబరిస్తే అవి ఆ విధంగా తేరుకోలేదు.

తేడా ఎక్కడుందో వెతికితే ఆర్‌ఎన్‌ఎఫ్114 అనే ప్రోటీన్ దొరికింది. గుంపుకట్టిన ప్రోటీన్లకు యుబిక్విటిన్ గుర్తు తగిలించి, కణంలోని విచ్ఛేదన వ్యవస్థ వాటిని తొలగించేలా చూడటం దీని పని. శరీరం వెచ్చబడే వేళ ఉడుత కటకంలో ఇది చురుగ్గా పనిచేస్తుంది. దీన్ని ఎలుకలకు అందిస్తే చలి శుక్లం తగ్గింది. నాకు ఇందులో గొప్పగా తోచేది ప్రకృతి పొదుపు. చీకటి బొరియలో కళ్ళు మూసుకున్న జీవికి తేటైన కటకంతో పనిలేదు. మేలుకున్నాక ఉంటే చాలు.

రెటీనాకు ఆ వెసులుబాటు లేదు. అది నాడీకణాలతో అల్లుకున్న పొర. ఆ కణాలకు ఆకారాన్నిచ్చే సూక్ష్మనాళికలు చలికి విరిగిపోతే కోలుకోవడం కష్టం. మూలకణాల నుంచి పెంచిన మానవ నాడీకణాలను 4 డిగ్రీల్లో ఉంచితే కొన్ని గంటల్లోనే సూక్ష్మనాళికలు కూలిపోయాయి. ఉడుత కణాల్లో నిలిచాయి. వెయ్ లీ బృందమే 2018లో దీనికి కారణం చూపింది. చలిలో మన మైటోకాండ్రియా హానికరమైన ఆక్సిజన్ అణువులను ఎక్కువగా వదులుతాయి. లైసోజోముల్లోంచి ప్రోటీన్లను కొరికే ఎంజైములు బయటికి కారుతాయి. ఈ రెంటినీ అదుపుచేసే మందులు వాడితే చలిలో ఉంచిన ఎలుక రెటీనాలు మెరుగ్గా నిలిచాయి. ఒకే కంట్లో రెండు పద్ధతులన్నమాట: కటకం లొంగి తేరుకుంటుంది, రెటీనా నాడీకణాలు లొంగకుండా నిలబడతాయి.

శుక్లానికి ఆపరేషన్ అక్కర్లేని చుక్కల మందు వచ్చేసినట్టే అనుకోకూడదు. మన పెద్దవాళ్ళకు వచ్చే శుక్లం గంటల్లో పుట్టింది కాదు. ఏళ్ళ తరబడి ఎండ, వయసు, మధుమేహం ప్రోటీన్లను దెబ్బతీస్తే వచ్చింది. పైగా ఇవాళ్టి శస్త్రచికిత్స కొద్ది నిమిషాల పని, ఫలితమూ మంచిది. దాన్ని వాయిదా వేయడానికి ఈ కబురు సాకు కారాదు.

నాకు ఎక్కువ ఆశ కలిగించేది కణజాలాన్ని నిల్వచేసే సంగతి. నేత్రదానంలో వచ్చిన కార్నియాను తగిన ద్రావణంలో 4 డిగ్రీల దగ్గర రెండు వారాల వరకు భద్రపరుస్తారు. హైదరాబాద్‌లోని రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి లాంటివి చేస్తున్నది అదే. రెటీనా మాత్రం అంతకాలం ఓర్చుకోలేదు. ఉడుత నుంచి నేర్చిన మందులు ఆ గడువును కాస్త పెంచగలిగినా, పరీక్షల కోసం మానవ రెటీనాలను ఒక ఊరి నుంచి మరో ఊరికి సజీవంగా చేర్చడం ఇప్పటికంటే తేలికవుతుంది.